ఎదురు తొట్టిలో బరువు



సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో ఒక గుట్ట ఉంది. రెండేళ్ళకోసారి మాఘమాసంలో అక్కడ లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. పెద్దగట్టు జాతర అంటే తెలియనివాళ్ళు మా వైపు ఉండరు. గజ్జెల లాగులు, భేరీల మోత, ఓ లింగా అంటూ గుట్ట అదిరిపోయే కేకలు. నాకు మాత్రం జాతర అనగానే వీటన్నిటికంటే ముందు ముక్కుకు తగిలేది జెయింట్ వీల్ దగ్గరి డీజిల్ వాసన.

మా నాయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసేవాడు. జాతర వచ్చిందంటే ఆయనకు నిద్ర ఉండేది కాదు. దుకాణాలకు, పందిళ్ళకు, మైకులకు తాత్కాలిక కనెక్షన్లు ఇవ్వాలి. రాత్రంతా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాపలా ఉండాలి. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు ఒక జాతరకు నన్ను వెంట తీసుకుపోయాడు. ఆయన పని చూసుకుంటుంటే నేను జెయింట్ వీల్ దగ్గర నిలబడ్డాను. టికెట్ కొనడానికి కాదు. దాన్ని నడిపే ముసలాయన చేతుల్ని చూడ్డానికి.

ఆయన ఒక తొట్టిలో మనుషుల్ని ఎక్కించి, దాని పక్క తొట్టిని వదిలేసేవాడు. చక్రాన్ని సగం తిప్పి, సరిగ్గా ఎదురుగా ఉన్న తొట్టిలో ఎక్కించేవాడు. లావుపాటి కుటుంబం ఒకటి వస్తే, వాళ్ళకు సరిపడా బరువు అవతలి వైపు దొరికేదాకా వాళ్ళను కింద నిలబెట్టేవాడు. జనం తిట్టినా వినేవాడు కాదు. నేను ఎందుకని అడిగాను.

"బరువు ఎదురెదురు ఉండాలె బిడ్డా. ఒక్క దిక్కే నింపితే చక్రం లెవ్వది. లేసినా సక్కగ ఆగది" అన్నాడు.

ఆ మాట నాతో పాటే పెరిగింది. ఇవాళ నేను హైదరాబాదులో ఒక సబ్‌స్టేషన్‌లో ఇంజినీర్ని. సర్వీసులో చేరి 16 ఏళ్ళయింది. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని పిల్లల కోసం రేడియో నాటికలు రాస్తాను. డ్యూటీ లేని రోజు దొరికితే, అది పండగ రోజో సెలవు రోజో కాకుండా మామూలు పనిదినమైతే, బస్సెక్కి వినోదపు పార్కుకు పోతాను. కొన్నిసార్లు పిల్లలతో, కొన్నిసార్లు ఒక్కదాన్నే. బ్యాగులో నీళ్ళ సీసా, చిన్న నోటుబుక్కు, పెన్సిలు. ఉద్యోగం, రాత, ఈ ఊయలల మీద ప్రేమ, మూడింటినీ ఒకే చక్రం మీద మోస్తూ వచ్చిన మనిషిగా మీతో మాట్లాడుతున్నాను.

మొదట్లో ఈ పార్కుల ప్రేమను దాచుకున్నాను. పార్కుకు పోవడానికి సెలవు పెట్టి, చీటీలో బంధువుల పెళ్ళి అని రాసేదాన్ని. ఒకసారి నిజం రాస్తే పైఅధికారి ఒకాయన ఆ చీటీని నలుగురికీ చదివి వినిపించాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు కన్నా, దానికి భయపడి తర్వాత నేను రాసిన అబద్ధాలు నన్ను ఎక్కువ బాధపెట్టాయి. సినిమాకు పోయాను అంటే ఎవరూ నవ్వరు. క్రికెట్ మ్యాచ్ కోసం సెలవు పెట్టినా నవ్వరు. రంగులరాట్నం ఎక్కాను అంటే మాత్రం వయసు గుర్తుచేస్తారు. దీనిలోని అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఎందుకంటే ఆ రంగులరాట్నం వెనక ఎంత చదువు, ఎంత కళ, ఎంత ఓర్పు ఉందో చూసినదాన్ని నేను.

మన హైదరాబాదు సంగతే తీసుకోండి. జనవరి వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్‌కు, అదే నుమాయిష్‌కు, పోని ఇల్లు ఉండదు. ఆ నుమాయిష్‌ను 1938లో మొదలుపెట్టింది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న యువకులు. అప్పటి హైదరాబాదు రాజ్యంలో ఆర్థిక సర్వే ఒకటి జరిపించాలని, దానికి డబ్బు కావాలని, పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా ప్రదర్శన పెట్టారు. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. ఇవాళ్టికీ ఆ ఎగ్జిబిషన్ మీద వచ్చే రాబడి విద్యాసంస్థలకు పోతుంది. మిర్చి బజ్జీ తింటూ జెయింట్ వీల్ ఎక్కి కేకలు పెట్టిన మన అరుపుల్లోంచి ఎందరో అమ్మాయిల కాలేజీ చదువులు వచ్చాయి. ఆటకూ చదువుకూ పగ ఉందని మనకు ఎవరు చెప్పారో కానీ, నాంపల్లి మైదానం మాత్రం చెప్పలేదు.

ఇక రోలర్ కోస్టర్ సంగతి. మీలో ఎక్కినవాళ్ళకు తెలుసు. బండి మొదట మెల్లగా పైకి పోతుంది. కింద గొలుసు లాగుతుంటుంది. టక్, టక్, టక్, టక్ అని ఒక చప్పుడు. ఆ చప్పుడు వింటుంటే గుండె జారిపోతుంది కదా. నిజానికి అది మనల్ని కాపాడే చప్పుడు. బండి కింద ఒక ఇనప నాలుక ఉంటుంది. పట్టాల మధ్య ఉన్న రంపపు పళ్ళలాంటి పళ్ళ మీద అది ఒక్కొక్కటిగా పడుతూ పోతుంది. గొలుసు తెగినా సరే బండి వెనక్కి జారకుండా ఆ నాలుక ఏదో ఒక పన్నులో ఇరుక్కుని ఆపేస్తుంది. మన బావి గిలకకు, ఎడ్లబండి బ్రేకుకు ఉన్నంత సాదా ఆలోచన. దీన్ని కోస్టర్లకు అమర్చిన అమెరికన్ ఇంజినీరు పేరు జాన్ మిల్లర్. బండి పట్టాల మీంచి గాల్లోకి లేచిపోకుండా పట్టా అడుగున కూడా చక్రాలు పెట్టడం ఆయన ఆలోచనే, దానికి 1919లో పేటెంటు తీసుకున్నాడు. అడుగున ఆ చక్రాలు వచ్చాకే కోస్టర్లు నిటారు పల్లాలకు ధైర్యం చేశాయి.

నేను ఆ టక్ టక్ చప్పుడు సంగతి తెలుసుకున్న రోజు రాత్రి ఇంటికొచ్చి ఒక నాటిక తిరగరాశాను. అప్పటికి అది మూడుసార్లు తిరిగొచ్చిన నాటిక. తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ ఒక పిల్ల చీకట్లో గుట్ట ఎక్కుతుంది. నేను ఆ గుట్ట ఎక్కడాన్ని మాటలతో నింపేశాను. భయం, చీకటి, ముళ్ళు, గబ్బిలాలు. ఎంత రాసినా వినేవాళ్ళకు భయం పుట్టలేదు. ఆ రాత్రి మాటలన్నీ కొట్టేశాను. పిల్ల చేతిలో ఒక కర్ర పెట్టాను. రాయి మీద కర్ర తగిలిన చప్పుడు. టక్. కొంచెం విరామం. టక్. మళ్ళీ విరామం. చప్పుడు ఆగిపోయిన చోట, శిఖరం మీద, ఒక్క క్షణం ఏమీ వినపడదు. అప్పుడు మేకపిల్ల అరుస్తుంది. ఆ నాటిక ప్రసారమైంది. శ్రోతల ఉత్తరాల్లో ఒక బామ్మగారు, ఆ చప్పుడు ఆగినప్పుడు తన మనవరాలు తన కొంగు పట్టుకుందని రాశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

పార్కులో క్యూ గురించి కూడా చెప్పాలి. అందరూ విసుక్కునేది దాన్నే. నేను క్యూలో నిలబడి నేర్చుకున్నంత ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. మంచి పార్కులో క్యూ వంకలు తిరుగుతుంది. ఒక మలుపులో దిగువన బండి పడుతున్న దృశ్యం ఒక్క రెప్పపాటు కనిపించి మాయమవుతుంది. ఇంకో మలుపులో అరుపులు మాత్రమే వినిపిస్తాయి. దిగి వచ్చేవాళ్ళ మొహాలు మన పక్కనుంచే పోతాయి. జుట్టు చెదిరి, కళ్ళు మెరుస్తూ. కథలో ఏది ముందు చూపాలి, ఏది దాచాలి అని తలపట్టుకునేవాళ్ళు ఒకసారి ఆ వరసలో నిలబడి రావాలి.

గుండ్రంగా తలకిందులయ్యే మలుపు ఉంది చూడండి, దాని కథ నాకు మరీ ఇష్టం. న్యూయార్కులో కోనీ ఐలాండ్ అనే సముద్రతీరంలో 1895లోనే అలాంటిది ఒకటి కట్టారు. దాన్ని నిండు వృత్తంగా కట్టారు. బండి వేగంగా వచ్చి ఒక్కసారిగా ఆ వృత్తంలోకి దూరేసరికి జనం మెడలు పట్టేసేవి. ఎక్కినవాళ్ళు నొప్పులతో దిగారు. తర్వాత కొన్ని దశాబ్దాలపాటు ఆ ఆలోచన దాదాపు మూలన పడింది. 1976లో జర్మనీకి చెందిన వెర్నర్ స్టెంగెల్ అనే ఇంజినీరు, ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ అనే తయారీదారుతో కలిసి కాలిఫోర్నియాలో రెవల్యూషన్ అనే కోస్టర్‌కు దాన్ని తిరిగి తెచ్చాడు. అయితే ఈసారి వృత్తం కాదు, నీటిబొట్టు ఆకారం. వేగం ఎక్కువగా ఉండే అడుగు భాగంలో వంపు విశాలంగా, వేగం తగ్గే పైభాగంలో వంపు బిగువుగా. రైలు పట్టాలు తిన్నటి దారి నుంచి మలుపులోకి తిరిగేటప్పుడు రైల్వే ఇంజినీర్లు వాడే వంపు కూడా ఈ జాతిదే. అంటే మనం సికింద్రాబాద్ నుంచి కాజీపేట పోతూ నిద్రలో తిరిగే మలుపులో ఉన్న లెక్కే, అక్కడ మనుషుల్ని తలకిందులు చేసి నవ్విస్తోంది. లెక్కల పరీక్షకు భయపడే పిల్లలకు ఈ ముక్క చెప్పండి.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన మనిషి గురించి చెప్తాను. పేరు టోనీ బాక్స్‌టర్. వాల్ట్ డిస్నీ 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచాడని మీకు తెలిసే ఉంటుంది. అంతకు ముందు ఇంకో పార్కులో తన కూతుళ్ళు రంగులరాట్నం మీద తిరుగుతుంటే ఒంటరిగా బెంచీ మీద కూర్చుని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉండకూడదా అనుకున్నానని ఆయన చెప్పుకునేవాడు. ఆ డిస్నీలాండ్‌లో 1965లో, 17 ఏళ్ళ టోనీ ఐస్‌క్రీమ్ తీసి ఇచ్చే పనిలో చేరాడు. చేతిలో గరిటె. పని అయిపోయాక పార్కులో తిరిగేవాడు. తర్వాత రైడ్లు నడిపే పనికి మారాడు. ఒక పక్క విశ్వవిద్యాలయంలో రంగస్థల రూపకల్పన చదివాడు. చదువుకుంటున్నప్పుడే మేరీ పాపిన్స్ కథ మీద ఒక రైడ్ ఊహించి, బొమ్మలు గీసి, డిస్నీ డిజైనర్లకు చూపించాడు. ఆ రైడ్ ఎన్నడూ కట్టలేదు. కానీ 1970లో అతనికి వాళ్ళ దగ్గర ఉద్యోగం దొరికింది. 1979లో అతను రూపకల్పన చేసిన బిగ్ థండర్ మౌంటెన్ తెరిచారు, గనుల కొండల్లో అదుపు తప్పి పరుగెత్తే రైలు అది. 1992లో పారిస్ దగ్గర తెరిచిన డిస్నీలాండ్‌కు డిజైన్ బృందాన్ని నడిపిందీ అతనే. 1983లో రోజూలాగే ఆఫీసుకు పోతూ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినప్పుడు, కొండ మీంచి నీళ్ళలోకి దూకే స్ప్లాష్ మౌంటెన్ ఆలోచన వచ్చిందట. అమీర్‌పేట కూడలిలో ఎర్రలైటు దగ్గర నిలబడ్డ ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. ఆ నిమిషాలు నావి అనుకుంటాను.

ఐస్‌క్రీమ్ గరిటె నుంచి పారిస్ దాకా అని ఈ కథను విజయగాథలా చెప్తే నాకు నచ్చదు. నన్ను పట్టేది మధ్యలోని ఐదేళ్ళు. అతను చదువు మానేసి పార్కులో కూర్చోలేదు. పార్కు మానేసి చదువులో తల దూర్చలేదు. కూలి పని, తరగతి, బొమ్మలు, మూడూ సాగాయి. ఐస్‌క్రీమ్ అమ్మేవాడికి మాత్రమే తెలిసే విషయాలు కొన్ని ఉంటాయి. జనం ఏ గంటకు అలిసిపోతారు, పిల్లలు ఎక్కడ ఏడుస్తారు, తల్లులు నీడ కోసం ఏ వైపు తిరుగుతారు. అవి తెలిసిన చేతితోనే అతను కొండలు గీశాడు. సబ్‌స్టేషన్‌లో రాత్రి డ్యూటీలో ట్రాన్స్‌ఫార్మర్ హమ్మింగ్ వింటూ కూర్చున్నప్పుడు, నా ఉద్యోగం నా రాతకు అడ్డం అనుకున్న రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు అనుకోను. చీకటిలో ఒకే స్వరంతో మోగే ఆ చప్పుడును నాలాగా విన్న రచయిత ఇంకెవరున్నారు?

మన దక్షిణాదిలోనూ ఇలాంటి మనుషులున్నారు. 1984లో కేరళలో నవోదయ అప్పచ్చన్ 'మై డియర్ కుట్టిచాత్తన్' తీశారు. మన దేశంలో మొదటి త్రీడీ సినిమా అది. ఆయన కొడుకు జిజో దర్శకుడు. తెలుగులో 'చిన్నారి చేతన'గా వచ్చింది, కళ్ళజోళ్ళు పెట్టుకుని చూశాం. అందులో పిల్లలు గోడల మీద, పైకప్పు మీద నడుస్తారు. దాని కోసం గది మొత్తాన్ని ఇనుముతో కట్టి గుండ్రంగా తిప్పారు, కళాదర్శకుడు కె. శేఖర్ రూపకల్పన. సినిమా అయిపోయినా ఆ గిరగిర ఆగలేదేమో, అదే అప్పచ్చన్ 1995లో మద్రాసు తాంబరం దగ్గర కిష్కింత అనే వినోదపు పార్కు తెరిచారు. ఇంకొకరు కొచౌసెఫ్ చిట్టిలప్పిళ్ళి. 1977లో చిన్న పెట్టుబడితో వోల్టేజి స్టెబిలైజర్లు చేయడం మొదలుపెట్టిన మనిషి 2000లో కొచ్చిలో వీగాలాండ్ కట్టారు. ఆ వరసలో వచ్చిందే మన రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా. అక్కడ రీకాయిల్ అనే కోస్టర్ ఉంది, పోయిన దారినే వెనక్కి తీసుకొస్తుంది. కరెంటు హెచ్చుతగ్గుల్ని సరిదిద్దే మనిషి జనాన్ని హెచ్చుతగ్గుల్లో తిప్పాడు. కరెంటు మనిషిగా నాకు ఇది చాలా గర్వం.

మా అక్క కూతురు మెకానికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. పోయిన దసరాకు ఊరెళ్ళినప్పుడు ఇంటిల్లిపాది ముందు, "చిన్నమ్మా, నేను కోస్టర్లు డిజైన్ చేస్త" అంది. అక్క నా వైపు చూసింది. నువ్వే చెడగొట్టావు అన్నట్టు. ఆ రాత్రి డాబా మీద పడుకుని ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తనకు నేను చెప్పింది ఇది. కోస్టర్ మీద ప్రేమ ఉంటే ముందు ఉక్కు అలసట గురించి చదువు, ఒకే చోట లక్షసార్లు ఒత్తిడి పడితే అతుకు ఎలా పగులుతుందో చదువు. వెల్డింగ్ చేసేవాళ్ళ దగ్గర కూర్చో. ఒకే పట్టా మీద రెండు బండ్లు తిరుగుతుంటే ఒకటి ఉన్న భాగంలోకి ఇంకొకటి రాకుండా ఎలా ఆపుతారో, రైల్వే సిగ్నళ్ళ దగ్గర నేర్చుకో. ప్రతి పొద్దున తలుపులు తెరవకముందే ఖాళీ బండిని తిప్పి చూసే మెకానిక్‌ల పేర్లు ఎవరికీ తెలియవు, వాళ్ళ పనిని గౌరవించు. బొమ్మలు గీయడం మానకు. బుర్రకథ విను, తోలుబొమ్మలాట చూడు, మన పిల్లలకు మన కథలతో కొండలు కట్టేవాళ్ళు కావాలి. ఇక్కడ ఆ ఉద్యోగాలు తక్కువ, ఆ సంగతి దాచను. మొదటి ఉద్యోగం లిఫ్టుల కంపెనీలో దొరికినా చేరిపో. అదీ మనుషుల్ని పైకీ కిందికీ భద్రంగా మోసేదే.

"మరి నువ్వెందుకు ఆ పనిలోకి పోలే?" అని అడిగింది.

నేను జవాబు వెంటనే చెప్పలేకపోయాను. నాకు 20 ఏళ్ళప్పుడు అలాంటి పని ఒకటుందని చెప్పేవాళ్ళు లేరు. ఉద్యోగం ఇంటికి అవసరమైంది. అది బాధగా లేదా అంటే, కొంచెం ఉంది. రీకాయిల్ పైకి ఎక్కి ఆగిన ప్రతిసారీ ఉంటుంది. కానీ నా నాటికల్లోని పిల్లలందరూ ఏదో ఒక గుట్ట ఎక్కుతూనే ఉంటారు. ఆ మాటే తనతో అన్నాను. తను అర్థమైనట్టే తల ఊపింది.

మొన్నటి పెద్దగట్టు జాతరకు ముగ్గురం వెళ్ళాం. నేను, మా అక్క కూతురు, మా నాయన. నాయన రిటైరై చాలా కాలమైంది. చేతికర్ర వచ్చింది. జెయింట్ వీల్ ఇప్పుడు మోటారుతో తిరుగుతోంది, డీజిల్ వాసన తగ్గింది. దాని చుట్టూ రంగు రంగుల బల్బులు. నడిపేది ఒక కుర్రవాడు. మా ఇద్దర్నీ ఒక తొట్టిలో ఎక్కించి, గొలుసు తగిలించి, చక్రాన్ని సగం తిప్పి ఆపాడు. మేము పైన ఉన్నాం. కింద ఎదురు తొట్టిలో ముగ్గురు పిల్లలున్న కుటుంబం ఎక్కుతోంది.

పైన చలిగాలి. కింద హైవే మీద లారీల లైట్లు బారులు తీరి విజయవాడ వైపు పోతున్నాయి. దీపాల గుట్ట. భేరీ మోత ఇంత ఎత్తుకు మెత్తగా వినిపిస్తోంది. మా పిల్ల తొట్టి అంచు మీంచి వంగి, మోటారు ఎక్కడుందో, బెల్టు ఎలా పోతుందో వెతుకుతోంది. జాగ్రత్త అన్నాను. "అగో, తాత" అంది.

చూశాను. నాయన చక్రం వైపు చూడ్డం లేదు. జనానికి దూరంగా, ట్రాన్స్‌ఫార్మర్ కంచె దగ్గర నిలబడి, తల కొంచెం పక్కకు వంచి, దాని చప్పుడు వింటున్నాడు.

చక్రం కదిలింది.